‘బందిని’ చిత్రమున నాయిక ధీరత : ఒక పరిశీలనము

లక్ష్యము ముందు పుట్టును; లక్షణము దాని ననుసరించి వచ్చును. భరతుడు పేర్కొన్న భావములును, అవస్థలును ఆయన గ్రంథమునకు ముందే రంగస్థలమున ఆడబడుచుండినవి. క్రొత్త లక్ష్యము మన యెదుట నిలిచినపుడు, పాత లక్షణము దానికి ఎంత దూరము చాలును, ఎచ్చట చాలక ఆగిపోవును అని పరికించుట విమర్శకునకు విధి. చలనచిత్రము మన కాలపు దృశ్యకావ్యము. తరగతిలో మనము ఏటేట బోధించు నాయికాభేదములు పరీక్ష కొఱకు వల్లించు పట్టికలు మాత్రమే కావని నమ్మువారము కనుక, వానిని ఒక క్లిష్టమైన లక్ష్యముపై ప్రయోగించి చూచుట యుక్తము.

ఆ లక్ష్యము బిమల్ రాయ్ నిర్మించి దర్శకత్వము వహించిన హిందీ చిత్రము ‘బందిని’ (1963). ‘దో బీఘా జమీన్’ (1953), ‘దేవదాస్’ (1955), ‘సుజాత’ (1959) మున్నగు చిత్రముల పిదప ఆయన దర్శకత్వమున వెలువడిన తుది కథాచిత్ర మిది. దీనికి మూలము ‘జరాసంధ’ అను కలముపేరుతో వ్రాసిన చారుచంద్ర చక్రవర్తి వంగనవల ‘తామసి’. ఆ రచయిత కారాగారశాఖలో అధికారిగా పనిచేసినవాడు. ఖైదీల జీవితమును కన్నులార చూచి వ్రాసినవాడు. నబేందు ఘోష్ కథను చిత్రానువాదముగా మలచెను. నూతన్ నాయిక కల్యాణిగను, అశోక్ కుమార్ విప్లవకారుడు వికాస్‌గను, ధర్మేంద్ర చెఱసాల వైద్యుడు దేవేంద్రుడుగను నటించిరి.

హిందీ చిత్రములలో నేరమును, ప్రేమను జతపఱచిన కథలకు కొదువ లేదు. అందు సామాన్యముగా నేరము పురుషునిది. ప్రేమించి దుఃఖించుట స్త్రీది. ‘బందిని’యందు నేరమును, ప్రేమయు రెండును నాయికవే. ఆమె హత్య చేసినది. అపనింద కాదు, పొరపాటు కాదు. తెలిసి చేసిన హత్య. అయినను చిత్రము ఆమెనే నాయికగా నిలిపి, ఆమె పక్షమున మన హృదయమును కోరును. ఇట్టి పాత్రను నేడు ‘బలమైన స్త్రీపాత్ర’ అని పత్రికలవారు వాడుకగా అనుచుందురు. ఆ బలము ఎచ్చట నున్నది? హత్య చేయుటలోనా, శిక్ష అనుభవించుటలోనా, తుదకు ప్రియుని ఎన్నుకొనుటలోనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇతివృత్తము

కథ 1930 ప్రాంతముల నాటి వంగదేశమున, ఆంగ్లప్రభుత్వపు చెఱసాలలో మొదలగును. క్షయరోగము సోకిన ఒక స్త్రీఖైదీకి పరిచర్య చేయుటకు ఎవ్వరును ముందుకు రాని వేళ కల్యాణి తానై వచ్చును. ఆమె నిశ్శబ్దసేవను చూచి వైద్యుడు దేవేంద్రుడు ఆమెను ప్రేమించును, వివాహమాడ గోరును. ఆమె అంగీకరింపదు. తన గతమును తానే చెప్పగా, కథ వెనుకకు నడచును.

ఆమె ఒక పల్లెటూరి పోస్టుమాస్టరు కూతురు. తండ్రి వైష్ణవకవితాప్రియుడు. ప్రభుత్వపు నిఘాలో ఆ యూర నివసించుచున్న వికాస్‌ను ఆమె ప్రేమించినది. అతడు జ్వరపీడితుడై పడియుండగా రాత్రియంతయు అతని యింట ఉండి పరిచర్య చేసినది. ఆ సంగతి బయటపడినపుడు ఆమె పరువు కాపాడుటకై అతడు ఆమెను తన భార్య యని ప్రకటించెను. పిమ్మట వెడలిపోయినవాడు తిరిగి రాలేదు. వేఱొకతెను వివాహమాడెనను వార్త మాత్రము వచ్చెను. తండ్రి తలవంపులు చూడలేక కల్యాణి ఇల్లు విడిచి పట్టణము చేరి, ఒక ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేయు కొలువున కుదిరెను. అచ్చట ఆమె పాలబడిన రోగి మనస్స్థిమితము లేని కఠినురాలు, మాటమాటకు గద్దించునది. ఆ రోగి వికాస్ భార్య యని తెలియుటయు, తనను వెదకుచు వచ్చిన తండ్రి ప్రమాదమున మరణించెనని తెలియుటయు దాదాపు ఒకే సమయమున జరిగెను. కల్యాణి ఆమె త్రాగు తేనీటిలో విషము కలిపెను. పిదప తానే చంపితినని ఒప్పుకొనెను.

సత్ప్రవర్తన వలన శిక్ష తగ్గి విడుదలయైన కల్యాణి, దేవేంద్రుని తల్లి అంగీకారముతో అతని యింటికి ప్రయాణమగును. దారిలో రైలును, ఆవిరిపడవయు కలియు రేవునొద్ద, క్షయతో కృశించిన వికాస్ ఎదురుపడును. ఆ వివాహము అతడు తన దళము ఆజ్ఞచే దేశకార్యమునకై చేసికొన్నదని అతని అనుచరుడు చెప్పును. కల్యాణి రైలును విడిచి, కదలబోవు పడవవైపు పరుగెత్తి, వికాస్‌ను చేరును.

లక్షణగ్రంథములలోని ‘ధీర’

మన ఆలంకారికులు అవస్థను బట్టి నాయికను ఎనిమిది విధములుగా విభజించిరి. ఆ వరుసలో కల్యాణికి స్థానము వెదకుట కష్టము కాదు. వికాస్ రాకకై ఎదురుచూచునపుడు ఆమె విరహోత్కంఠిత. అతడు మాట తప్పినపుడు విప్రలబ్ధ. తుది ఘట్టమున ప్రియుని కడకు తానై పోవునపుడు అభిసారిక. అభిసారికకు శాస్త్రము విధించిన అలంకరణ గాని, చీకటి మాటు గాని ఇచ్చట లేవు. పట్టపగలు, జనసమ్మర్దము నడుమ, చెఱ వెడలివచ్చిన స్త్రీ రోగగ్రస్తుని కడకు పరుగెత్తుచున్నది. అయినను లక్షణము సారాంశమున అన్వయించును.

హత్యాఘట్టమునొద్ద మాత్రము ఈ పట్టిక మూగపోవును. కారణము స్పష్టము. ఎనిమిది అవస్థలును నాయకుని రాకపోకలను బట్టియు, అతని విధేయతాపరాధములను బట్టియు ఏర్పడినవి. నాయకుడు వచ్చినచో ఒక పేరు, రానిచో ఒక పేరు, అపరాధియై వచ్చినచో మఱియొక పేరు. నాయిక తనంతట చేసిన పనికి, దాని ఫలమును తాను మోసిన స్థితికి ఇందు పేరు లేదు.

‘ధీర’ యను పదము శాస్త్రమున లేకపోలేదు. మధ్యా ప్రగల్భలను ధీర, అధీర, ధీరాధీర యని విభజించుట అందఱెఱిగినదే. కాని అచ్చటి ధీరత అపరాధియైన ప్రియునిపై కోపమును ఎట్లు దాచునది, ఎట్లు వెలిపుచ్చునది అను విషయమునకే పరిమితము. ఒక సంగతి మాత్రము గమనింపదగినది. ఆ విభాగమంతట నాయిక కోపమునకు గురి నాయకుడే. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’న సత్యభామ అలుకకు హేతువు రుక్మిణికి దక్కిన పుష్పము. అయినను ఆమె వామపాదము తగిలినది కృష్ణుని శిరస్సునకే. కోపము అపరాధిని వెదకికొని పోయినది. కల్యాణి విషయమున అట్లు జరుగలేదు. మాట తప్పినవాడు వికాస్. మరణించినది అతని భార్య. ఈ గురితప్పుటలోనే చిత్రమునందలి విషాదమంతయు ఇమిడి యున్నది.

నేరమును, శృంగారమును ఒకచో చేర్చుట మన దృశ్యకావ్యపరంపరకు క్రొత్త కాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికము’న మదనికను దాస్యవిముక్తురాలిని చేయుటకై శర్విలకుడు కన్నము వేయును. వసంతసేన గొంతు నులిమి చంపితినని తలచిన శకారుడు ఆ నేరమును చారుదత్తునిపై మోపును. అందు దొంగతనము ఉపనాయకునిది, హత్యాప్రయత్నము దుష్టునిది, నింద నాయకునిది. నాయిక నేరమునకు గురియైనది మాత్రమే; తుదకు ఆమె బ్రతికి వచ్చుటతో నేరమే లేకపోయినది. ‘బందిని’యందు ఆ తప్పించుకొను మార్గము లేదు. చనిపోయిన స్త్రీ తిరిగి రాదు. చంపినది నాయికయే.

హత్యాఘట్టము

ఔచిత్యభంగము కంటె రసభంగమునకు వేఱు కారణము లేదని ఆనందవర్ధనుని సిద్ధాంతము. తన పాలబడిన రోగికి విషమిచ్చు స్త్రీయందు మన సానుభూతి నిలుచుట ఎట్లు సంభవించును? ఈ కష్టమును దర్శకుడు మాటలతో పరిష్కరింప యత్నింపలేదు. ఆ ఘట్టమున కల్యాణికి సంభాషణము దాదాపు లేదు. గదిలో పంపు పొయ్యి రొద; వెలుపల ఇనుపపని చేయువారి సుత్తి దెబ్బలు; లోహమును అతుకు నిప్పు మెఱుపులు ఆమె ముఖముపై పడుచు, ఆఱుచు నుండును. కమల్ బోస్ ఛాయాగ్రహణము ఆ ముఖమును విడిచి పోదు. వెలుగు పడినపుడొక కల్యాణి, చీకటి కమ్మినపుడొక కల్యాణి కనిపింతురు.

శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, ఇది సాత్త్వికాభినయమునకు చక్కని ఉదాహరణము. స్తంభము, స్వేదము, వైవర్ణ్యము అను సాత్త్వికభావములు నూతన్ ముఖమున ఒకదాని వెనుక నొకటి పొడసూపును. ఆమె కన్నులు పెద్దవి చేయదు, పండ్లు కొఱకదు. రౌద్రమునకు అలవాటైన అనుభావములను వర్జించి, లోపల జరుగు దానిని లోపలనే జరుగనిచ్చి, దాని నీడను మాత్రము ముఖముపైకి రానిచ్చినది. క్రోధము స్థాయిగా నిలిచినచో అది రౌద్రమగును. మన సానుభూతి తొలగును. ఇచ్చట శోకమే స్థాయి. క్రోధము దానిపై మెఱసి ఆఱిన సంచారి. వెలుపలి నిప్పుమెఱుపుల కొలత దానికి సరిపోయినది. అందుచేతనే మనము ఆ పనిని ఒప్పుకొనకయే ఆమెతో దుఃఖింపగలుగుచున్నాము.

అయినను ఆమె బలము ఈ ఘట్టమున నున్నదనుట పొరపాటు. ఇది ఆమె జీవితమున అత్యంత దుర్బలమైన క్షణము. పల్లె నింద, ప్రియుని విస్మృతి, తండ్రి మరణము అన్నియు ఒక్కసారి మీద పడగా విఱిగిన మనస్సు చేసిన పని యిది. విఱుగుటను బలమనరాదు.

ఒప్పుకోలు

బలము మఱుక్షణమున మొదలగును. ఆమె పాఱిపోదు, కథ కల్పింపదు, తానే చేసితినని చెప్పును. షేక్‌స్పియర్ నాటకమున మాక్బెత్ పత్ని చేతికి అంటిన నెత్తురును ఇతరులకు కానరాకుండ కడిగికొనుటకు యత్నించి, తుదకు నిద్రలో నడచుచు ఆ మఱకనే చూచుచుండును. దాచిన నేరము ఆమెను లోపలినుండి తినివేసెను. కల్యాణి దాచదు. అందుచేతనే చెఱసాలలో ఆమె ముఖమున శాంతి గలదు. ‘అంతయు సవ్యముగా నున్నది’ అని రాత్రివేళ కావలివాడు పెట్టు కేక ఇతర ఖైదీల పట్ల క్రూరమైన వ్యంగ్యముగా వినిపించును. ఆమె పట్ల మాత్రము అందు కొంత నిజము లేకపోలేదు.

ఇచ్చట పేర్ల సంగతి కొంత విచారింపవలసి యున్నది. కల్యాణికి ఇతరులు పెట్టిన పేర్లు పెక్కు. పరువు కాపాడుటకు వికాస్ పెట్టిన పేరు ‘భార్య’. ఊరు పెట్టిన పేరు ‘చెడినది’. దేవేంద్రుని యిల్లు పెట్టనున్న పేరు ‘కోడలు’. ఇవి యన్నియు ఆమె ప్రమేయము లేకయే ఆమెపై వ్రాలినవి. ‘హంతకి’ యను పేరు మాత్రము న్యాయస్థానము చెప్పకమునుపే ఆమె తనకు తాను పెట్టుకొన్నది. ఆ పేరు దాచి దేవేంద్రుని ప్రేమ నందుకొనుటకు ఆమె సమ్మతింపదు. అతడు ప్రేమించినది నిజమైన తననా, తనపై అతని జాలినా అని తేలవలెను. తన గతమంతయు చెప్పుట ఆత్మనింద కొఱకు కాదు. చూచువాడు పూర్తిగా చూచి ఎన్నుకొనవలెనని. ధీరత యనదగినది ఇదియే.

పరిచర్యాసూత్రము

ఈ కథలో నాలుగు పర్యాయములు కల్యాణి రోగి ప్రక్కన కనిపించును. మొదటిది జ్వరమున వికాస్‌కు చేసిన పరిచర్య. అది ఆమెకు అపకీర్తి తెచ్చెను. రెండవది ఆసుపత్రిలో అతని భార్యకు చేసిన పరిచర్య. అది హత్యగా ముగిసెను. మూడవది చెఱసాలలో క్షయరోగినికి చేసినది. నాల్గవది పడవపై, క్షయరోగియైన వికాస్‌కు చేయబోవునది. ఈ నాల్గింటిని ఒక దారమున గ్రుచ్చినపుడే ఇతివృత్తపు అల్లిక బోధపడును.

ఆమె నేరము హత్య మాత్రమే కాదు, పరిచర్యాధర్మమునకు ద్రోహము. నమ్మి చేయి చాచిన రోగికి ఆ చేతిలోనే విషము పెట్టినది. చెఱసాలలో, ఎవ్వరును చేరరాని రోగిని తానై చేరుట ఆ ద్రోహమునకు ఆమె తనకు విధించుకొన్న ప్రాయశ్చిత్తము. చిత్రము కాలక్రమమును మార్చి మూడవ పరిచర్యను ముందుగా చూపినది. అందుచే మొదట మనకు అది దయగా తోచును. గతము తెలిసిన పిదప అదే ఋణవిమోచనముగా అర్థమగును. తిరిగి చూచినపుడు అర్థము మాఱు ఇట్టి నిర్మాణము మంచి ప్రబంధమునందువలె ఇందును ఫలించినది.

హతురాలు

ఇక చిత్రమునందలి లోపమును చెప్పవలెను. దీనిని చెప్పక విడుచుట నాయిక సత్యనిష్ఠకే అపచారము.

వికాస్ భార్య చిత్రమున కొద్దిసేపే కనిపించును. కనిపించినంత సేపును అఱచుచు, ఆజ్ఞాపించుచు నుండును. ఆమె పేరైనను ప్రేక్షకుని మనస్సున నిలువదు. నాయికపై మన జాలి చెదరకుండుటకు హతురాలిని జాలి కలుగని రీతిగా చిత్రించుట సులభోపాయము. బిమల్ రాయ్ వంటి దర్శకుడు ఈ ఉపాయము నాశ్రయించుట వింత. ఔచిత్యరక్షణకై చేసినది ఇచ్చట మఱియొక అనౌచిత్యమునకు దారితీసినది.

తుది ఘట్టమున అనుచరుడు చెప్పిన మాటతో ఈ లోపము మఱింత స్ఫుటమగును. ఆ వివాహము దళము ఆజ్ఞచే జరిగినదైనచో, ఆ భార్య ఎవరు? తన్ను ప్రేమింపనివానికి, మఱియొక ప్రయోజనము కొఱకు కట్టబెట్టబడిన స్త్రీ. కల్యాణి విప్రలబ్ధయైనచో, ఈమెయు మఱియొక విధమున వంచిత. ఆమె రోగమునకును, కాఠిన్యమునకును ఆ ప్రేమలేని కాపురమే మూలమై యుండరాదా? ఒకే పురుషుని దేశకార్యము ఇరువురు స్త్రీల జీవితములను నలిపినది. ఆ యిద్దఱిలో ఒకతె రెండవదానిని చంపినది. ఈ భయంకరసత్యము చిత్రము గడప వఱకు వచ్చినది. లోనికి పిలుచుటకు దర్శకునకు మనస్కరింపలేదు. అనుచరుని మాట నాయకుని నిర్దోషిని చేయుటకు మాత్రమే వినియోగింపబడినది. కల్యాణి ఒప్పుకోలు చట్టము నెదుట జరిగినది. హతురాలి స్మృతి యెదుట జరుగలేదు.

తుది నిర్ణయము

ఈ చిత్రముపై రాదగిన ప్రధానాక్షేపము మఱియొకటి గలదు. గౌరవించి చేపట్ట నిలిచిన దేవేంద్రుని విడిచి, విడిచిపోయిన వికాస్ వెంట రోగశుశ్రూషకై పోవుట బలమెట్లగును? పాత దాస్యమునకే మరలుట గదా! శీర్షికయే ‘బందిని’, చెఱసాల వెడలి ప్రియుని చెఱకు పోయినదని యనవచ్చును.

ఈ ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. కాని నిర్ణయము జరిగిన రీతిని గమనింపవలెను. రేవునొద్ద ఆమెను రమ్మని పిలిచినవారు లేరు. రైలు ఆమెకొఱకు ఏర్పఱచిన జీవితమునకు పోవును. అందు గౌరవము, ఆరోగ్యము, ఇల్లు గలవు. పడవ మరణాసన్నుని మోసికొని పోవును. నడుమ ఆమె కున్న గడువు కొన్ని నిమిషములు. ఎస్.డి. బర్మన్ తన కంఠముననే పాడిన పడవవాని పాట ఆ నిమిషములను నింపును. శరత్ ‘దేవదాసు’ను 1953 నాటి తెలుగు చిత్రము ద్వారా మనవారందఱు ఎఱుగుదురు, బిమల్ రాయ్ దానినే 1955లో హిందీలో తీసెను. ఆ నవలలో పార్వతి మరణించుచున్న దేవదాసుకై పరుగెత్తగా ఇంటివారు పట్టి ఆపుదురు. ఎనిమిదేండ్లకు అదే దర్శకుని చిత్రమున మఱియొక వంగస్త్రీ పరుగెత్తినది, ఆమె చేరినది. ఆపగల గృహద్వార మేదియు ఆమెపై మూయబడలేదు, ఏలయన ఆమెకు ఇక పోగొట్టుకొన పరువు లేదు. నేరమును ఒప్పుకొన్నది కనుక నిందకు లొంగదు. ఒప్పుకోలు ఇచ్చిన స్వేచ్ఛయే ఆ పరుగు.

ఐనచో అనుచరుని సమాచారము లేకయే, వికాస్ అపరాధి యని తెలిసియే ఆమె పోయియుండినచో పాత్ర ఇంకను ఉన్నతమై యుండెడిది. దర్శకుడు నాయకునకు క్షమాపణపత్రము సంపాదించి పెట్టి, నాయిక క్షమకు గల విలువను కొంత తగ్గించినాడు. ఆమె బలము ముందు ఆ జాగ్రత్త అనవసరము.

ఉపసంహారము

‘బందిని’కి హిందీలో ఉత్తమచిత్రముగా జాతీయపురస్కారమును, ఉత్తమచిత్రము, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి మున్నగు ఫిల్మ్‌ఫేర్ పురస్కారములును లభించినవి. తరువాతి కాలమున నేరమును, ప్రేమను నాయికయందే చేర్చిన హిందీ చిత్రములు వచ్చినవి. శ్రీరామ్ రాఘవన్ ‘ఏక్ హసీనా థీ’ (2004) యందు వంచిత కోపము గురి తప్పక వంచకునిపైననే పడును, సత్యభామ మార్గమది. ‘హసీన్ దిల్‌రుబా’ (2021) యందు నాయిక బలము విచారణాధికారికి చిక్కకుండుటయందు కనిపించును; ప్రేక్షకుడు ఆమె నేర్పునకు మురియును. చిక్కకుండుటయే బలమైనచో ధీరత చాతుర్యమునకు పర్యాయపదమగును. కల్యాణి ఆ కొలతకు లొంగదు.

పరిశోధకవిద్యార్థులకు ఇందువలన తేలునది యేమనగా, అష్టవిధనాయికావిభాగము ఈ పాత్రను సగము దూరము వఱకు నడిపింపగలదు. నాయకుని బట్టి ఏర్పడిన అవస్థలకు తోడు, తన కర్మను బట్టి ఏర్పడు అవస్థ నొకదానిని మనము గుర్తింపవలసి యున్నది. తాను చేసినదానిని తనదని చెప్పి, దాని భారముతోనే ప్రేమింప సాహసించు స్త్రీని ధీర యనుట ఆ పదమునకు అన్యాయము కాదు. ఆ కొలతతో చూచినపుడు కల్యాణి ధీర. అదే కొలతతో చూచినపుడు, చనిపోయిన స్త్రీని తలచుకొనక పడవను కదలనిచ్చిన చిత్రము ఆమెకంటె ఒక అడుగు వెనుక నిలిచినది.